మెయిన్‌ఫ్రేమ్ అనుభవంతో మళ్లీ ఉద్యోగంలోకి: శ్రీకాకుళం, విజయనగరం నుంచి ప్రయత్నించే సీనియర్లకు సమగ్ర మార్గదర్శి

అమ్మానాన్నలను చూసుకోవడానికో, ఉద్యోగం పోయో, ఆరోగ్యం సహకరించకో సొంతూరికి తిరిగి వచ్చిన మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామర్లు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. మెయిన్‌ఫ్రేమ్ అంటే బ్యాంకులు, బీమా సంస్థల వంటివి తమ లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్. దాని మీద పదిహేనేళ్ల నుంచి పాతికేళ్ల వరకు కోబాల్ భాష, పనులను నడిపించే ఆదేశాల భాష జేసీఎల్, డీబీ2 డేటాబేస్‌లతో పనిచేసిన వీరు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ఈ వయసులో ఈ పాత నైపుణ్యానికి ఇంకా ఉద్యోగం దొరుకుతుందా, లేక అన్నీ వదిలేసి పైథాన్‌తో మొదటి నుంచి మొదలుపెట్టాలా?

దొరుకుతుంది. అయితే కోబాల్ రాయడం వచ్చు అన్న ఒక్క మాటకు దొరకదు. ఒక బ్యాంకు గానీ బీమా సంస్థ గానీ రాత్రిపూట నడిపే బ్యాచ్, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా నడిచే జాబ్‌ల వరుస, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో, ఆగితే తెల్లవారేసరికి ఎవరి పని నిలిచిపోతుందో తెలిసిన మనిషి కోసం సంస్థలు వెతుకుతాయి. ఆ తెలివిడి మీకు ఉంది. దాన్ని కాగితం మీద, ఇంటర్వ్యూలో రుజువు చేయడం దగ్గరే చాలామంది తడబడుతున్నారు. రోజుకు రెండు మూడు గంటలు కేటాయించగలిగితే ఈ కింది క్రమాన్ని పది వారాల్లో పూర్తి చేయవచ్చు. క్రమం మార్చకండి, ముఖ్యంగా రెండో, మూడో మెట్లు దాటకుండా రెజ్యూమె పంపకండి.

1. ఏ పనికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగం అంటే ఒకటే ఉద్యోగం కాదు. ఇప్పుడు సీనియర్లను తీసుకునే పనులు ప్రధానంగా నాలుగు రకాలు.

- ప్రొడక్షన్ సపోర్ట్, బ్యాచ్ పర్యవేక్షణ: జాబ్ అబెండ్ అయితే, అంటే మధ్యలో అర్ధాంతరంగా ఆగిపోతే, కారణం పట్టుకుని మళ్లీ నడిపించడం.
- నిర్వహణ, చిన్న మార్పులు: కొత్త నిబంధనలకు, కొత్త ఫైల్ నమూనాలకు అనుగుణంగా ఉన్న ప్రోగ్రామ్‌లను సవరించడం. ఉదాహరణకు 2024 మే 28న అమెరికా షేర్ల లావాదేవీల సెటిల్‌మెంట్ ఒక్క రోజుకు తగ్గినప్పుడు, వెనుక ఉన్న బ్యాచ్ షెడ్యూళ్లను కూడా దానికి తగ్గట్టు బిగించాల్సి వచ్చింది.
- కంపైలర్ వలస: పాత కోబాల్ వెర్షన్ నుంచి కొత్తదానికి ప్రోగ్రామ్‌లను మార్చి, ఫలితాలు ఒకేలా వస్తున్నాయో లేదో సరిచూడడం.
- ఆధునికీకరణ: పాత ప్రోగ్రామ్‌లోని వ్యాపార నియమాలను చదివి విడదీసి రాయడం, జావాలోకో క్లౌడ్‌లోకో మార్చిన తర్వాత పాత, కొత్త ఫలితాలను పోల్చడం.

ఇంటి దగ్గర నుంచే పనిచేయాలనుకునేవారికి మొదటిదీ నాలుగోదీ బాగా సరిపోతాయని నా అభిప్రాయం. మొదటిదాన్ని చాలామంది రాత్రి డ్యూటీ అనుకుని వదిలేస్తారు. లెక్క వేసి చూడండి: న్యూయార్క్‌లో రాత్రి 10 గంటల నుంచి తెల్లవారుజామున 4 గంటల వరకు బ్యాచ్ నడుస్తుందనుకుంటే, వారి వేసవి సమయంలో అది మనకు ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు, చలికాలంలో 8:30 నుంచి 2:30 వరకు అవుతుంది. అంటే అమెరికా బ్యాచ్ రాత్రి మనకు పగటి పూట. ఆన్‌లైన్ వ్యవస్థలకు సపోర్ట్ ఇచ్చేవారికే రాత్రి మేలుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఉద్యోగ ప్రకటనలో సపోర్ట్ అని కనిపిస్తే, బ్యాచ్ సపోర్టా, ఆన్‌లైన్ సపోర్టా అని ముందుగా అడగండి.

ప్రాంతం విషయంలోనూ స్పష్టత కావాలి. మెయిన్‌ఫ్రేమ్ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, పుణె నగరాల్లో ఉన్నాయి. 2025లో టీసీఎస్, కాగ్నిజెంట్ వంటి సంస్థలకు విశాఖపట్నంలో భూములు కేటాయించినా, మీ నైపుణ్యానికి తగిన ఖాళీ అక్కడే వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. విజయనగరం నుంచి విశాఖకు సుమారు 60 కిలోమీటర్లు. వారానికి మూడు రోజులు రైల్లో వెళ్లిరావడం కష్టమైనా సాధ్యమే. శ్రీకాకుళం నుంచి దాదాపు 110 కిలోమీటర్లు; రోజూ తిరగడం ఆ వయసులో శరీరానికి మంచిది కాదు. నెలకు ఒక వారం హైదరాబాద్ వెళ్లి ఉండగలరా, లేరా అన్నది ఇంట్లో కూర్చుని ముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే మొదటి ఫోన్‌కాల్‌లోనే ఈ ప్రశ్న వస్తుంది.

2. కాగితాలు సిద్ధం చేయండి

ఇంటర్వ్యూలు నెగ్గి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయినవారిని చూశాను. పాతికేళ్ల సర్వీసులో నాలుగు కంపెనీలు మారినవారికి ఇది చిన్న పని కాదు, రెండు వారాలు పడుతుంది.

☐ ప్రతి కంపెనీ నుంచి ఆఫర్ లెటర్, రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు
☐ ఫారం 16లు, దొరికినన్ని
☐ పీఎఫ్ యూఏఎన్ సర్వీస్ హిస్టరీ ప్రతి
☐ ఆధార్, పాన్, పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ, పాస్‌పోర్టులలో పేరు ఒకేలా ఉందో లేదో
☐ ఉద్యోగం లేని కాలానికి కారణం, ఒకటి రెండు వాక్యాల్లో

పేరు విషయం మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు. డిగ్రీలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో చివరన ఉంటుంది. తేడా ఉంటే ఆధార్, పాన్‌లను ముందుగా సరిచేయించుకోండి. పాత సర్టిఫికెట్లను మార్చలేకపోతే రెండు పేర్లూ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ తయారుగా ఉంచుకోండి.

పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీ నుంచి బయటకు వచ్చిన తేదీ నమోదు కాకపోవడం తరచుగా కనిపించే లోపం. అలా ఖాళీగా ఉంటే, ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. ఆధార్‌తో అనుసంధానమైన ఫోన్ నంబర్ ఉంటే, ఉద్యోగం వదిలిన రెండు నెలల తర్వాత ఆ తేదీని యూఏఎన్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.

పాత కంపెనీ ఇప్పుడు ఆ పేరుతో లేకపోతే కంగారుపడవద్దు. మహీంద్రా సత్యం 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైంది. పట్నీ 2011లో ఐగేట్ చేతికి, ఐగేట్ 2015లో క్యాప్‌జెమిని చేతికి వెళ్లాయి. పాత ఉద్యోగి సంఖ్యతో, ఇప్పుడు ఆ సంస్థను నడుపుతున్న కంపెనీ హెచ్ఆర్ విభాగానికి రాయండి. జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు కనుక ఈ ఉత్తరం మొదటి రోజే వెళ్లాలి.

3. మీకు వచ్చినదాన్ని మూడు గడుల్లో రాయండి

ఒక నోటు పుస్తకంలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో ఈరోజు ఎవరి సాయమూ లేకుండా చేయగలిగినవి, రెండో గడిలో ఒక వారం తిరగేస్తే గుర్తొచ్చేవి, మూడో గడిలో పక్కన కూర్చుని చూసినవి మాత్రమే రాయాలి.

ఈ జాబితాను కోబాల్, డీబీ2 అని పెద్ద పేర్లతో నింపకండి. జేసీఎల్ అయితే ప్రోక్‌లు, జీడీజీలు (నడిచిన ప్రతిసారీ కొత్త ప్రతి ఏర్పడే ఫైళ్లు), రీస్టార్ట్, కండిషన్ కోడ్‌లు అని విడివిడిగా. డీబీ2 అయితే బైండ్, ప్యాకేజీలు, ఎక్స్‌ప్లెయిన్, లాకింగ్ అని. ఆన్‌లైన్ లావాదేవీలు నడిపే సీఐసీఎస్ అయితే మ్యాప్‌లు, సూడో కన్వర్సేషనల్ పద్ధతి, సీఈడీఎఫ్ అని రాయండి. డీఎఫ్‌సార్ట్, ఐడీక్యామ్స్, ఫైల్ ఎయిడ్, ఎక్స్‌పెడిటర్, షెడ్యూలర్, కోడ్ మార్పులను నమోదు చేసే ఎండెవర్ లేదా చేంజ్‌మ్యాన్, ఇలా ప్రతి పనిముట్టుకూ ఒక వరుస ఉండాలి.

పేర్లు లేదా యజమానులు మారిన పనిముట్లు కొన్ని ఉన్నాయి, వాటిని గుర్తుపెట్టుకోండి. సీఏ ఉత్పత్తులు 2018 నుంచి బ్రాడ్‌కామ్‌వి. కాంప్యూవేర్‌ను 2020లో బీఎంసీ కొన్నది. మైక్రో ఫోకస్ కోబాల్ ఇప్పుడు రాకెట్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఉంది. పాత ఓపీసీ, ఆ తర్వాత టీడబ్ల్యూఎస్ అని పిలిచిన షెడ్యూలర్ పేరు ఇప్పుడు ఐబీఎం జడ్ వర్క్‌లోడ్ షెడ్యూలర్. రెజ్యూమెలో పాత పేరు, కొత్త పేరు రెండూ ఉండాలి, ఎందుకంటే వెతికే వ్యక్తి ఏ మాట టైప్ చేస్తాడో మనకు తెలియదు.

సాధారణ తప్పు: మూడో గడిలో ఉన్నదాన్ని రెజ్యూమెలో మొదటి గడిలో ఉన్నట్టు రాయడం. పాతికేళ్ల అనుభవం ఉన్నవారిని అడిగేవారు కూడా అనుభవజ్ఞులే. రెండో ప్రశ్నకే తేలిపోతుంది, ఆ తర్వాత నిజంగా వచ్చిన విషయం చెప్పినా నమ్మరు.

4. ఎనిమిది వారాల అభ్యాసం

రెండో గడిలో ఉన్నవాటిని మొదటి గడిలోకి తెచ్చుకోవడమే ఈ మెట్టు ఉద్దేశం. పైథాన్, క్లౌడ్ కోర్సుల్లోకి ఇప్పుడే దూకవద్దు.

మొదటి రెండు వారాలు: ఐబీఎం వారి జడ్ ఎక్స్‌ప్లోర్ అనే అభ్యాస వేదికలో ఉచితంగా ఖాతా తెరవండి. నిజమైన జడ్ ఓఎస్, అంటే మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్, మీద అభ్యాసం చేసే అవకాశం వస్తుంది. అక్కడ పాత ఆకుపచ్చ తెర (ఐఎస్‌పీఎఫ్) బదులు వీఎస్ కోడ్ ఎడిటర్, దానిలో జోవీ ఎక్స్‌ప్లోరర్ ద్వారా డేటాసెట్‌లు తెరవడం, జాబ్ సబ్మిట్ చేయడం నేర్పుతారు. ఐఎస్‌పీఎఫ్‌లో చేతులు తిరిగినవారికి మొదట్లో ఇది చిరాకు తెప్పిస్తుంది. కొత్తగా చేరే పిల్లల్లో చాలామంది దీనితోనే పనిచేస్తున్నారు కనుక చిరాకు పడుతూనే నేర్చుకోండి. మెట్లు పూర్తి చేస్తే బ్యాడ్జీలు ఇస్తారు. ఇటీవల చేతులు మడుచుకుని కూర్చోలేదనడానికి అవి సాక్ష్యం.

మూడు, నాలుగు వారాలు: ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు వారి ఉచిత కోబాల్ కోర్సు తిరగేయండి. సులువుగా అనిపించినా రెండు ఫైళ్ల మ్యాచింగ్, కంట్రోల్ బ్రేక్ రిపోర్టు, టేబుల్ సెర్చ్ మూడూ చూడకుండా రాయగలగాలి.

ఇక్కడే కంపైలర్ మార్పు గురించి లోతుగా చదవండి, ఎందుకంటే సీనియర్లకు ఇప్పుడు ఎక్కువ విలువ తెచ్చే విషయం ఇదే. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ 4.2కు ఐబీఎం మద్దతు 2022 ఏప్రిల్ 30తో ముగిసింది. ఐదో వెర్షన్ నుంచి లోడ్ మాడ్యూళ్లు, అంటే నడపడానికి సిద్ధమైన ప్రోగ్రామ్‌లు, పాత పీడీఎస్ రకం లైబ్రరీలో కుదరవు, పీడీఎస్ఈ రకంలో ఉండాలి. అంకెల ప్లస్, మైనస్ గుర్తులను పాత పద్ధతిలో చూసే న్యూమ్‌ప్రాక్ మిగ్ అనే ఆప్షన్ కూడా తీసేశారు. కొత్త కంపైలర్ కోడ్‌ను గట్టిగా ఆప్టిమైజ్ చేస్తుంది కాబట్టి, అంకెలు ఉండాల్సిన ఫీల్డ్‌లో చెత్త డేటా ఉన్నా, టేబుల్ హద్దు దాటి సబ్‌స్క్రిప్ట్ వెళ్లినా, ఇరవై ఏళ్లుగా ఏదో ఒక విధంగా నడిచిపోయిన ప్రోగ్రామ్ ఇప్పుడు వేరే ఫలితం ఇవ్వవచ్చు లేదా అబెండ్ కావచ్చు. ప్రోగ్రామ్ తప్పా, డేటా తప్పా, అది ఎప్పటి నుంచి తప్పు అన్నది చూడగానే పసిగట్టే కన్ను మీకు ఉంది. చెత్త అంకెల కోసం జోన్‌డేటా, టేబుల్ హద్దుల కోసం ఎస్ఎస్ రేంజ్ ఆప్షన్లు ఎప్పుడు వాడాలో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బరువు వస్తుంది.

ఐదో వారం: గిట్, అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే పనిముట్టు. క్లోన్, బ్రాంచ్, కమిట్, పుల్ రిక్వెస్ట్, కాన్‌ఫ్లిక్ట్ తీర్చడం, ఈ ఐదూ చాలు. ఎండెవర్‌లో మీరు చేసిన పని ఇక్కడ ఏ పేరుతో జరుగుతుందో ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి.

ఆరో వారం: కోబాల్ నుంచి జేసన్, అంటే వెబ్, మొబైల్ యాప్‌లు డేటా పంపుకునే నమూనా. ఎంటర్‌ప్రైజ్ కోబాల్ ఆరో వెర్షన్‌లో జేసన్ జనరేట్, జేసన్ పార్స్ అనే వాక్యాలు ఉన్నాయి. జడ్ ఓఎస్ కనెక్ట్ ద్వారా ఒక సీఐసీఎస్ ప్రోగ్రామ్‌ను మొబైల్ యాప్ ఎలా పిలుస్తుందో బొమ్మ గీసి వివరించగలిగితే సరిపోతుంది.

ఏడు, ఎనిమిది వారాలు: ఒక చిన్న ప్రాజెక్టు. పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర రైతుల ఖాతాలు ఉన్నాయనుకోండి. ఖాతాల మాస్టర్ ఫైల్ ఒకటి, రోజువారీ కొనుగోళ్లు, చెల్లింపుల ట్రాన్సాక్షన్ ఫైల్ ఒకటి. రెండింటినీ కలిపి మాస్టర్‌ను అప్‌డేట్ చేసి, బాకీల రిపోర్టు తీసి, చెడ్డ రికార్డులను వేరే ఫైల్‌లోకి పంపాలి. డేటా మొత్తం మీరే కల్పించుకోండి.

అది నడిచాక కావాలనే చెడగొట్టండి. అభ్యాసం అసలు ఫలించేది ఇక్కడే.

- సొమ్ము మొత్తం ఉండాల్సిన చోట ఖాళీలు పెట్టి ఎస్0సీ7, మనం సాక్ సెవెన్ అనేది, రప్పించండి.
- అవుట్‌పుట్ ఫైల్‌కు చాలా తక్కువ చోటు, సెకండరీ లేకుండా ఇచ్చి ఎస్‌డీ37 చూడండి.
- ప్రోగ్రామ్ పేరు తప్పుగా ఇచ్చి ఎస్806 చూడండి.
- ఆగని లూప్ పెట్టి, టైమ్ పరిమితితో ఎస్322 చూడండి.
- రికార్డు పొడవు తేడా పెట్టి ఫైల్ స్టేటస్ 39 చూడండి.

ప్రతిదానికీ ఏం కనిపించింది, ఎక్కడ వెతికారు, ఎలా సరిచేశారు అని పది వరుసల్లో రాసిపెట్టుకోండి.

ఇంట్లో లాప్‌టాప్ మీద గ్నూకోబాల్ అనే ఉచిత కంపైలర్ పెట్టుకుంటే నెట్ లేనప్పుడు కూడా కోబాల్ రాసుకోవచ్చు. మెయిన్‌ఫ్రేమ్‌ను లాప్‌టాప్‌లో అనుకరించే హెర్క్యులిస్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8జే నడిపితే జేసీఎల్ రాసే అలవాటు తిరిగి వస్తుంది, కానీ అందులోని కోబాల్ కంపైలర్ మరీ పాతది, ఐబీఎం సీఐసీఎస్, డీబీ2 ఉండవు. లైసెన్స్ లేని జడ్ ఓఎస్ కాపీ ఎవరైనా ఇస్తామంటే తీసుకోవద్దు. పాత క్లయింట్ కోడ్ మీ దగ్గర ఏ రూపంలో మిగిలి ఉన్నా ప్రాజెక్టులో వాడవద్దు, ఎవరికీ చూపవద్దు.

5. రెజ్యూమెను సంఘటనలతో రాయండి

ఎనిమిది పేజీల రెజ్యూమెలు నా దగ్గరకు వస్తుంటాయి. అన్నింటిలో ఒకే వాక్యం: కోడింగ్, టెస్టింగ్, ప్రొడక్షన్ సపోర్ట్ చేశాను. ఆ వాక్యం మూడేళ్ల అనుభవం ఉన్న కుర్రవాడూ రాయగలడు. మీరు రాయాల్సింది అతను రాయలేనిది.

ముందుగా పదిహేను సంఘటనలు గుర్తు తెచ్చుకోండి: నెలాఖరు బ్యాచ్ ఆగిన రాత్రి, రెండుసార్లు పోస్టయిన చెల్లింపులు, డీబీ2 లాక్‌ల వల్ల ఉదయం బ్రాంచీలు తెరుచుకోని రోజు. భాగస్వామితోనో పాత సహోద్యోగితోనో మాట్లాడుతూ గుర్తు చేసుకుంటే వేగంగా వస్తాయి. వాటిలో ఆరింటిని ఎంచుకుని, ఒక్కొక్కటి నాలుగు ముక్కల్లో రాయండి: ఏ వ్యవస్థ, ఏం జరిగింది, అసలు కారణం ఏమిటి, మీరు చేసిన మార్పు తర్వాత ఏమైంది.

పాత పద్ధతి: “బ్యాంకింగ్ ప్రాజెక్టులో మెయింటెనెన్స్, సపోర్ట్ పనులు చేశాను.”

రాయాల్సిన పద్ధతి: “క్రెడిట్ కార్డు నెలవారీ స్టేట్‌మెంట్ బ్యాచ్ బాధ్యత చూశాను. వడ్డీ లెక్కించే ప్రోగ్రామ్ నెలాఖరున తరచూ సాక్ సెవెన్‌తో ఆగేది. బయటి సంస్థ పంపే ఫైల్‌లో సొమ్ము మొత్తం ఉండాల్సిన చోట ఖాళీలు రావడమే కారణమని గుర్తించి, బ్యాచ్ మొదట్లోనే అలాంటి రికార్డులను వేరుచేసే సార్ట్ స్టెప్ చేర్చాను. ఆ కారణంతో ప్రోగ్రామ్ మళ్లీ ఆగలేదు.”

రెజ్యూమె ఇంగ్లీషులోనే ఉంటుంది కనుక ఈ నమూనాను మీ మాటల్లో మార్చుకోండి. క్లయింట్ పేరు చెప్పకూడదన్న ఒప్పందం ఉంటే, ఒక పెద్ద అమెరికా బీమా సంస్థ అని రాస్తే చాలు. అంకెలు నిజంగా గుర్తుంటేనే వేయండి.

☐ మొత్తం మూడు పేజీలకు మించకూడదు
☐ మొదటి అరపేజీలో రంగం, అనుభవం, ఎక్కడి నుంచి పనిచేయగలరు అన్న మూడు విషయాలు
☐ చివరి పదేళ్లు వివరంగా, అంతకుముందువి నాలుగైదు వరుసల్లో
☐ పుట్టిన తేదీ, తండ్రి పేరు, వైవాహిక స్థితి తీసేయాలి
☐ ఇటీవలి అభ్యాసం, బ్యాడ్జీలు, గిట్‌లోని ప్రాజెక్టు చిరునామా
☐ పనిముట్ల పేర్లు పాతవి, కొత్తవి రెండూ

వయసు దాచడానికి సంవత్సరాలు తగ్గించి రాయవద్దు. పీఎఫ్ హిస్టరీలో అన్నీ కనిపిస్తాయి. అనుభవాన్ని క్లుప్తంగా చెప్పడం వేరు, అబద్ధం చెప్పడం వేరు.

6. ఎవరిని, ఏ వరుసలో అడగాలి

ముందు మనుషులను, తర్వాత కంపెనీల సొంత కెరీర్ పేజీలను, ఆ తర్వాతే నౌక్రీ, లింక్డ్‌ఇన్ వంటి వేదికలను, చివరగా కన్సల్టెన్సీలను ఆశ్రయించండి. ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మీతో పనిచేసిన ఇరవై మంది పేర్లు రాయండి. ఒకప్పుడు మీ టీమ్‌లో ట్రైనీగా చేరినవారు ఇప్పుడు మేనేజర్లు. వారిని అడగడానికి మొహమాటపడకండి. సందేశం ఇలా ఉంటే సరిపోతుంది:

“నమస్తే అండీ, చెన్నైలో క్లెయిమ్స్ ప్రాజెక్టులో మనం కలిసి పనిచేశాం. రెండేళ్లుగా విజయనగరంలో ఉంటూ మా నాన్నగారిని చూసుకున్నాను. ఇప్పుడు బ్యాచ్ సపోర్ట్ లేదా కోబాల్ వలస పనుల కోసం చూస్తున్నాను. నెలకు ఒక వారం హైదరాబాద్ రాగలను. మీ దగ్గర గానీ, మీకు తెలిసినచోట గానీ అవసరం ఉంటే చెప్పగలరా? రెజ్యూమె జతచేస్తున్నాను.”

జాలి కలిగించే మాటలు, ఏ పనైనా ఫర్వాలేదు అన్న మాట రాయకండి. ఏ పనైనా అన్నవారికి ఏ పని చూపాలో అవతలివారికి తోచదు.

పెద్ద ఐటీ సేవల సంస్థలతో పాటు, ఐబీఎం నుంచి 2021లో విడిపోయిన కిండ్రిల్, మెయిన్‌ఫ్రేమ్ పనిముట్లు తయారుచేసే బ్రాడ్‌కామ్, బీఎంసీ వంటి సంస్థలు, హైదరాబాద్‌లో వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, స్టేట్ స్ట్రీట్ వంటి ఆర్థిక సంస్థల సొంత కేంద్రాలు మీ జాబితాలో ఉండాలి. సేవల సంస్థలు తక్కువ జీతానికి తక్కువ అనుభవం ఉన్నవారిని కోరుకోవడం ఎక్కువ. సొంత కేంద్రాలు రంగం తెలిసిన సీనియర్లకు విలువ ఇచ్చే అవకాశం మెరుగ్గా ఉంటుంది. నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక హెచ్చరిక. ఉద్యోగం ఇప్పిస్తామని, ట్రైనింగ్ ఫీజు అని, లాప్‌టాప్ డిపాజిట్ అని డబ్బు అడిగేవారు ఉన్నారు. నా మిత్రుడు ఒకరు అలా నలభై వేలు చెల్లించి, నెల రోజులు జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూశారు. పనిచ్చే సంస్థ మీ దగ్గర డబ్బు తీసుకోదు. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

7. ఇంటర్వ్యూ

సీనియర్లను కోబాల్ వ్యాకరణం గురించి పెద్దగా అడగరు. ఒక పరిస్థితి ఇచ్చి ఏం చేస్తారని అడుగుతారు.

తిరిగి ప్రయత్నం మొదలుపెట్టినప్పుడు నా మొదటి ఇంటర్వ్యూలో వచ్చిన ప్రశ్న ఇది: రాత్రి బ్యాచ్‌లో ఒక జాబ్ సాక్ సెవెన్‌తో ఆగింది, ఏం చేస్తారు? డంప్ తెరిచి ఆఫ్‌సెట్ చూసి, లిస్టింగ్‌లో ఆ వాక్యం పట్టుకుని, ఫీల్డ్ కనిపెడతానని ఉత్సాహంగా ఐదు నిమిషాలు చెప్పాను. ఇంటర్వ్యూ చేస్తున్న ఆమె ఓపికగా విని, “ఆలోపు క్లయింట్‌కు ఎవరు చెప్పారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యోగం రాలేదు. చెప్పాల్సిన వరుస ఇది:

- ఏ స్టెప్‌లో ఆగింది, దాని మీద ఆధారపడిన జాబ్‌లు ఏవి, గడువు ఎంత?
- ఎవరికి తెలియజేయాలి, టికెట్ తెరిచారా?
- ఆగేలోపు ఏం జరిగిపోయింది: జీడీజీ కొత్త జనరేషన్ ఏర్పడిందా, డీబీ2 కమిట్ ఎక్కడి వరకు అయింది, వీసామ్ ఫైల్ సగం అప్‌డేట్ అయిందా?
- ఇప్పుడు డంప్, లిస్టింగ్, తప్పు ఫీల్డ్, తప్పు రికార్డు.
- ఆ రికార్డును పక్కనపెట్టి నడపాలా అన్న నిర్ణయం వ్యాపారవర్గం నుంచి, రాతపూర్వకంగా.
- ఏ స్టెప్ నుంచి రీస్టార్ట్, అంతకుముందు ఏం శుభ్రం చేయాలి?
- మర్నాడు మూలకారణం, శాశ్వత పరిష్కారం.

డేటా సరిచేసి మళ్లీ నడిపేస్తాను అని ఎప్పుడూ అనకండి. ఎవరి డబ్బు లెక్కనో ఎవరి అనుమతీ లేకుండా మార్చుతానన్న అర్థం వస్తుంది.

డీబీ2 ఎర్రర్ కోడ్‌ల మీద తప్పక వచ్చే ప్రశ్నలు కొన్ని. మైనస్ 805 అంటే పిలిచిన ప్యాకేజీ దొరకలేదని. మైనస్ 818 అంటే లోడ్ మాడ్యూల్, ప్యాకేజీల టైమ్‌స్టాంపులు సరిపోలేదని. మైనస్ 911, మైనస్ 913 రెండూ డెడ్‌లాక్ లేదా టైమ్ అవుట్ వల్లనే వస్తాయి, మొదటిదానిలో రోల్‌బ్యాక్ జరిగిపోతుంది, రెండోదానిలో జరగదు. నిర్వచనం చెప్పి ఆగకుండా, మీకు ఎదురైన ఒక సందర్భం జోడించండి.

మీకంటే పదిహేనేళ్లు చిన్నవారి కింద పనిచేయగలరా అనీ అడుగుతారు. గతంలో చిన్నవారి దగ్గర నేర్చుకున్న ఒక విషయం, ఉదాహరణకు ఈ మధ్యే నేర్చుకున్న గిట్, చెప్పి అక్కడితో ఆపండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి మొదట ఎక్కడ చూస్తారో చెప్పండి.

8. షరతులు మాట్లాడుకోవడం

పూర్తికాలపు ఉద్యోగం కంటే ఆరు నెలలు, ఏడాది కాంట్రాక్టులే ముందు వస్తాయి. తీసుకోండి, అయితే ఈ విషయాలు రాతలో ఉండాలి.

☐ కన్సల్టెన్సీ పేరోల్ మీదా, ఇన్వాయిస్ మీదా
☐ పనివేళలు భారత సమయంలో, అమెరికా గడియారం మారే మార్చి, నవంబరు నెలల్లో మార్పుతో సహా
☐ ఆన్‌కాల్ వారాలు ఎన్ని, వాటికి అదనపు చెల్లింపు ఉందా
☐ ఆరోగ్య బీమా కుటుంబానికి వర్తిస్తుందా
☐ ఎన్ని రోజుల నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు
☐ పనికి లాప్‌టాప్ సంస్థే ఇస్తుందా

ఇన్వాయిస్ పద్ధతిలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు అవసరం. మొదటి ఇన్వాయిస్‌కు ముందే మీ ఊళ్లోని ఆడిటర్‌ను ఒకసారి కలవండి.

9. ఇంట్లో ఏర్పాట్లు

వేర్వేరు సంస్థల నుంచి రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు, రౌటర్‌కు, లాప్‌టాప్‌కు కనీసం నాలుగు గంటలు నిలిచే ఇన్వర్టర్, తలుపు వేసుకోగల గది తప్పనిసరి. క్లయింట్ తెర ఇంట్లో మరెవరికీ కనబడకూడదు.

మన ప్రాంతానికి తుఫాను ప్రణాళిక కూడా కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. తుఫాను హెచ్చరిక రాగానే ఎవరికి చెబుతారు, మీ షిఫ్ట్ ఎవరు చూస్తారు, మీరు ఎక్కడికి వెళ్తారు అన్నది ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మేనేజర్‌తో మాట్లాడి మెయిల్‌లో రాసుకోండి. విశాఖకు వెళ్తాననుకోవద్దు, అదే తుఫాను అక్కడికీ రావచ్చు; హైదరాబాద్‌లో ఒక బంధువు ఇల్లు అనుకుని ఉంచుకోండి.

10. మూడు నెలలైనా పిలుపు రాకపోతే

లోపం ఎక్కడుందో లక్షణం చెబుతుంది.

- అసలు ఫోన్లే రాకపోతే రెజ్యూమెలో పనిముట్ల పేర్లు సరిగా లేవు, లేదా ఇరవై మందిని ఇంకా అడగలేదు.
- ఫోన్లు వచ్చి అక్కడితో ఆగుతుంటే జీతం అంచనా లేదా ప్రాంతం సమస్య. చివరి జీతాన్ని పట్టుకుని ఉండకుండా ఒక పరిధి చెప్పండి.
- టెక్నికల్ రౌండ్‌లో ఆగుతుంటే అడిగిన ప్రశ్నలన్నీ అదే రోజు రాసిపెట్టుకుని, నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి.
- చివరిదాకా వెళ్లి ఆగుతుంటే రెండో మెట్టులోని కాగితాలు చూడండి.

ఈలోపు దగ్గర్లోని ఇంజినీరింగ్ కళాశాలల్లో అతిథి ఉపన్యాసాలకు అడగండి. రాజాం, చింతలవలస, టెక్కలి, ఎచ్చెర్లలో కళాశాలలు ఉన్నాయి. జడ్ ఎక్స్‌ప్లోర్ విద్యార్థులకూ ఉచితమే కనుక, ప్లేస్‌మెంట్ అధికారిని కలిసి నాలుగు శనివారాల చిన్న కోర్సు ప్రతిపాదించవచ్చు. పారితోషికం తక్కువే ఉంటుంది. అయితే ఒక విద్యార్థికి రీస్టార్ట్ ఎందుకు జాగ్రత్తగా చేయాలో విడమరిచి చెప్పిన వారం, అదే ప్రశ్న ఇంటర్వ్యూలో వస్తే మాట తడబడదు. రెజ్యూమెలో ఉద్యోగం లేని కాలం పక్కన రాయడానికి నిజమైన పని కూడా ఒకటి ఉంటుంది.